మొలవని గింజలు

జూన్ 3, మంగళవారం

మేనకోడలు సాయంత్రం దిగింది. ఒక పెట్టె, రెండు కంప్యూటర్ తెరలు, ఒక దిండు. దిండెందుకే అని మా ఆవిడ నవ్వితే, ఉద్యోగం మారింది గానీ తల అదే కదా అత్తయ్యా అంది. వచ్చీ రాగానే ఇల్లంతా గలగల.

క్యాన్సర్ ఆసుపత్రిలో స్టాటిస్టీషియన్‌గా చేరింది. వేరే ఇల్లు దొరికేవరకు మా ముందు గదిలో ఉంటుంది. మెడలో వేలాడే కార్డు మీద 'గణాంక అదికారి' అని అచ్చు వేశారు. రోగుల ప్రాణాలు చూసే చోట ఒక ఒత్తును చూసే నాథుడు లేడు. ఎర్ర సిరాతో దిద్దబోతే, మావయ్యా, అది ఆఫీసు ప్రాపర్టీ అని కార్డు లాక్కుంది.

కాఫీ తాగుతూ, అత్తయ్యా, చివరిసారి చెకప్‌కి ఎప్పుడెళ్ళావు అని అడిగింది. మా ఆవిడ కుండీలకు నీళ్ళు పోసి వస్తానని మేడ ఎక్కేసింది. నీళ్ళు పొద్దున్నే పోసింది. నేను చూశాను.

ఈ సంగతి ఇక్కడ ఒకసారి స్పష్టంగా రాసుకోవాలి. ఏడేళ్ళ కిందట ఆవిడకు మెడ పక్కన గడ్డ లేచింది. ఇదే ఆసుపత్రిలో ఇంజెక్షన్లు ఇచ్చారు. గడ్డ కరిగింది. జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది. మూడేళ్ళపాటు చెకప్‌లకు వెళ్ళి, ఆ తరవాత మానేసింది. నేను ఎంత చెప్పినా వినలేదు. ఈ ఏడేళ్ళలో 'నయమైంది' అనే మాట నేను ఈ డైరీలో ఒక్కసారి కూడా రాయలేదు. పూచీ పడలేని మాట రాయడం నా అలవాటు కాదు. 'బాగుంది' అని మాత్రం రాస్తూ వచ్చాను.

జూన్ 7, శనివారం

అమ్మాయి పని ఏమిటో ఈ రోజు అడిగి తెలుసుకున్నాను. వసారాలో ఉన్న నల్లబల్ల మీద చెప్పించుకున్నాను. రిటైరైనవాడి ఇంట్లో నల్లబల్ల ఎందుకని అడిగేవారికి నేను జవాబు చెప్పను.

ఎడమ నుంచి కుడికి సంవత్సరాలు. కింది నుంచి పైకి నూటికి ఎంతమంది అన్న లెక్క. మందు మొదలుపెట్టిన రోజు అందరికీ సున్నా; ఎవరు ఏ ఏడాది వచ్చినా సరే, అందరినీ ఒకే గీత దగ్గర నిలబెడతారు. మొదట నూటికి నూరుగురూ పైన ఉంటారు. ఒకరికి జబ్బు తిరగబెడితే గీత ఒక మెట్టు దిగుతుంది. ఇంకొకరికి తిరగబెడితే ఇంకో మెట్టు. మధ్యలో రావడం మానేసినవారి సంగతేమిటని అడిగాను. వాళ్ళ కబురు చివరిసారి తెలిసిన చోట గీత మీద ఒక చిన్న నిలువు గీత పెడతాం మావయ్యా, దాన్ని టిక్ అంటాం, ఆ తరవాత వాళ్ళు లెక్కలో ఉండరు అంది. అప్పుడు గీత దిగదు, ఎక్కదు. మరి వాళ్ళకు ఏమైనట్టు? తెలియదు, తెలియదని ఒప్పుకోవడానికే ఆ టిక్ అంది.

నేను కొన్ని వేల జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి. తెలియదు అన్నవాడికి సున్నా వేయడమే నాకు తెలుసు. ఈ లెక్కలో అలా కాదు. మనిషి గురించి తెలిసినంత కాలాన్ని పూర్తిగా గౌరవిస్తారు, తెలియని కాలం గురించి ఒక్క మాట కూడా కల్పించరు. ఎంత మర్యాద తెలిసిన లెక్క!

జూన్ 8, ఆదివారం

టిక్ పెట్టినవారిని ఇంగ్లీషులో 'సెన్సార్డ్' అంటారట. ఆ మాటకు తగిన తెలుగు మాట కోసం నాలుగు నిఘంటువులు తిరగేశాను. దొరకలేదు. రోజు పోయింది.

జూన్ 15, ఆదివారం

మేడ మీద మా ఆవిడ కుండీల్లో టమాటా గింజలు వేస్తోంది. అమ్మాయి పక్కన చతికిలబడి, అత్తయ్యా, నా ఉద్యోగమూ ఇదే అంది. మా ఆవిడ నమ్మలేదు.

వంద గింజలు వేశావనుకో అంది అమ్మాయి. వాటిలో కొన్ని పుచ్చువి, ఎన్నాళ్ళు ఆగినా మొలవవు. మిగతావి ఇవాళో రేపో మొలుస్తాయి. పైనుంచి చూస్తే అంతా మట్టే. మాకు మొలక రావడమంటే జబ్బు తిరగబెట్టడం. రోజూ వచ్చి మొలకలు లెక్కపెడుతూ పోతే, మొదట్లో జోరుగా వస్తాయి, తరవాత ఒకటీ అరా, ఆ తరవాత ఎన్నాళ్ళు చూసినా ఏమీ రావు. అక్కడ నా గీత బల్లపరుపు అవుతుంది. అది ఎంత ఎత్తున బల్లపరుపైతే నూటికి అంతమందికి నయమైనట్టు. మొలవని గింజలెన్ని, మొలిచేవి ఎంత తొందరగా మొలుస్తాయి, ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి ఒకేసారి తేల్చడమే నా పని. తొందరపడి ముందే చూశామా, ఆలస్యంగా మొలిచేవాటిని కూడా పుచ్చు గింజలని రాసేస్తాం.

మా ఆవిడ చేతిలో మట్టి అలాగే పట్టుకుని, అంటే నేను పుచ్చు గింజనైతే మంచిదన్నమాట అంది.

పుచ్చిపోయి నూరేళ్ళు ఉండు అత్తయ్యా అంది అమ్మాయి. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఇలాంటి దీవెన నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆవిడ కిందికి దిగాక నేను మెల్లగా అడిగాను, మీ అత్తయ్య ఏ రకం గింజ అని. ఏ గింజ ఏ రకమో నా లెక్క చెప్పదు మావయ్యా అంది. మొలవకుండా గడిచిన ప్రతి ఏడూ పుచ్చుదయ్యే అవకాశాన్ని పెంచుతుంది, అంతే. ఎంత పెంచుతుంది? నా గీత బల్లపరుపు అవనీ, చెబుతాను అంది.

ఆ జవాబు కోసం నేను ఏడేళ్ళుగా కాచుకున్నానని అమ్మాయికి చెప్పలేదు. తెలిసే ఉంటుంది.

జూన్ 27, శుక్రవారం

అమ్మాయి ఆలస్యంగా వచ్చింది. అన్నం కెలికి లేచింది.

గీత బల్లపరుపు కాలేదు. మా ఆవిడకు ఇచ్చిన ఈ మందు తీసుకున్నవారందరి లెక్కా వేస్తే ఐదో ఏట దిగుతోంది, ఏడో ఏట దిగుతోంది, తొమ్మిదో ఏట కూడా దిగుతోంది. అలా దిగుతూనే ఉంటే నయమైనవారు దాదాపు లేరనే లెక్క తేలుతుందట. అంటే ఈ మందు జబ్బును వాయిదా వేస్తుంది గానీ వదిలించదు.

పెద్ద డాక్టరు మండిపడ్డాడట. పాతికేళ్ళుగా నా కళ్ళతో చూస్తున్నాను, మనవల్ని ఎత్తుకుని వచ్చి మరీ కనిపించినవాళ్ళున్నారు, నీ కంప్యూటర్ వచ్చి ఎవరూ లేరంటుందా అన్నాడట. మా అమ్మాయి, సార్, మీ కళ్ళు నా డేటాలో లేవు, వాళ్ళను తీసుకొచ్చి చూపించండి అందట. వచ్చి ఇంకా నెల కాలేదు! దీని ధైర్యం చూస్తే ముచ్చటేస్తుంది, భయమూ వేస్తుంది. ఈ లెక్కే ఖాయమైతే కొత్తవారికి ఈ మందు ఆపేసి, ఇంతకంటే కఠినమైన మరో మందు మొదలుపెడతారట.

నేను వేరే సంగతి ఆలోచిస్తున్నాను. గీత దిగుతూనే ఉందంటే, మా ఆవిడ ఇంకా మెట్ల మీదే ఉంది.

జూన్ 28, శనివారం

ఆవిడ కూనిరాగం తీస్తూ కుండీలకు నీళ్ళు పోసింది. రోజూ వినేదే. ఈ రోజు వినలేక వీధిలోకి వెళ్ళిపోయాను.

జూలై 4, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలు

ఇది వెంటనే రాయకపోతే వివరాలు జారిపోతాయి.

నిన్న అమ్మాయి ఆసుపత్రిలో ఫోన్ల గదికి వెళ్ళి కూర్చుందట. రావడం మానేసిన రోగులకు ఫోన్ చేసి, ఎలా ఉన్నారని కనుక్కునే ఉద్యోగినులు ఇద్దరున్నారు. పదకొండు నుంచి నాలుగింటి దాకా చేస్తారు. ఎత్తేవారు తక్కువ. ఎత్తినవారిలో ఎక్కువమంది ఒంట్లో బాగాలేక ఇంట్లో పడుకున్నవారు. బాగున్నవాళ్ళు ఆ వేళకు పనిలో ఉంటారు కదమ్మా, ఎవరెత్తుతారు అని ఒకావిడ మామూలుగా అందట.

ఈ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, భోజనాల దగ్గర అత్తయ్యను సూటిగా అడిగింది. ఎందుకు మానేశావు? ఈసారి మా ఆవిడ మేడ ఎక్కలేదు. విసుక్కుంది. బాగున్నదాన్ని నేనెందుకే ఆసుపత్రికి? అక్కడ గంటలు గంటలు కూర్చోబెడతారు, చుట్టూ అందరివీ కష్టాలే, ఆ వాసనకే సగం జబ్బు వస్తుంది. ఫోన్ వస్తుంది, ఆ నంబరు చూడగానే కట్ చేస్తాను. ఏమన్నా నలతగా ఉంటే నేనే పరిగెత్తనూ?

అమ్మాయి చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. అత్తయ్యా, నలతగా ఉన్నవాళ్ళు పరిగెత్తుకొస్తున్నారు, బాగున్నవాళ్ళు నా గీతలోంచి పారిపోతున్నారు అంది. చెయ్యి కడుక్కోకుండానే నల్లబల్ల దగ్గరికి పరిగెత్తింది. సుద్దముక్కకు మెతుకులు అంటుకున్నాయి.

ఎనిమిదో ఏట లెక్కలో ఇంకా మిగిలినవారు ఎవరు? ఎక్కువగా, ఏదో బాధ ఉండి వస్తున్నవారు. వందమందిలో ఒకరికి తిరగబెడితే మెట్టు చిన్నది. బాగున్న తొంభైమంది ముందే వెళ్ళిపోయి పదిమందే మిగిలితే, ఆ ఒక్కరికే గీత పాతాళానికి దిగుతుంది. జబ్బు అంతే, మెట్టు పదింతలు. మానేసినవారు మిగతావారిలాంటివారే అని ఈ లెక్క నమ్ముతుంది. ఆ నమ్మకం ఇక్కడ చెడింది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. అయితే అందరూ బాగున్నట్టే కదా అన్నాను. ఊహూఁ అంది. అలా అనడానికీ వీల్లేదు మావయ్యా, మాట్లాడకుండా ఉన్నవాళ్ళలో వేరే చోట పోయినవాళ్ళు కూడా ఉండొచ్చు. నాకు నచ్చిన జవాబు వైపు లెక్కను వంచను, వెళ్ళి చూడాలి అంది.

గెలుపు చేతికి అందుతున్నప్పుడు కూడా వెనక్కి తగ్గి నిలబడగలిగినవారిని నేను నా ఉద్యోగంలో ఇద్దరినో ముగ్గురినో చూశాను. ఇంట్లో చూడడం ఇదే.

జూలై 6, ఆదివారం

నల్లబల్ల మీద రెండు గీతలు గీసింది. కనబడనివారందరికీ తిరగబెట్టిందనుకుంటే కింది గీత. అందరూ బాగున్నారనుకుంటే పై గీత. కిందిది నేలకు ఆనుతోంది. పైది నూటికి డెబ్బై దగ్గర హాయిగా పడుకుంది. నిజం ఈ రెంటి మధ్యలో ఎక్కడో ఉంది అంది.

మా ఆవిడా అక్కడే ఎక్కడో ఉంది.

జూలై 9, బుధవారం

కనబడనివారు చాలామంది. అందరినీ వెదకడం అయ్యే పని కాదు. దగ్గరి వీధుల్లో ఉన్నవారితో మొదలుపెట్టమని సలహా ఇచ్చాను. వద్దు మావయ్యా, సులువుగా దొరికేవాళ్ళనే పట్టుకుంటే మళ్ళీ అదే పొరపాటు అంది. కంప్యూటరే లాటరీ తీస్తుందట. అందులో వచ్చినవారు ఎంత దూరాన ఉన్నా, ఎంత మొండికేసినా, చివరిదాకా వెంటపడవలసిందే. ఒక్కరిని వదిలినా లాటరీకి అర్థం లేదట. సాయంత్రాలు, ఆదివారాలు ఫోన్లు. అందరికీ ఒక ఉత్తరం.

ఆ ఉత్తరం నేను రాస్తానన్నాను. ఈ ఇంట్లో నేనుండగా మరొకరు రాయడమేమిటి?

జూలై 11, శుక్రవారం

ఉత్తరం పూర్తయింది. రెండు పేజీలు. 'తమరు పూర్వము మా వైద్యాలయమునందు చికిత్స పొందియున్నట్లు మా నమోదులవలన విదితమగుచున్నది' అని మొదలుపెట్టాను. వాక్యాలు ఎక్కడా కుంటుపడలేదు. చాలాకాలం తరవాత ఇంత తృప్తి.

జూలై 23, బుధవారం

జవాబులు రాలేదు. ఒక్కటి వచ్చింది. ఒక లారీ డ్రైవరు దాన్ని కోర్టు నోటీసు అనుకుని వకీలు దగ్గరికి పట్టుకెళ్ళాడట. ఆ వకీలు ఆసుపత్రికి ఫోన్ చేసి, మా క్లయింటుకు ఏ పాపమూ తెలియదు అన్నాడట.

అమ్మాయి నవ్వు ఆపుకోలేక కింద కూర్చుంది. మా ఆవిడ ఆపుకునే ప్రయత్నమైనా చేయలేదు.

జూలై 24, గురువారం

మా ఆవిడ ఉత్తరం రాసింది. కూరలు తరుగుతూ చెప్పింది, అమ్మాయి టైపు చేసింది. ఇక్కడ ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

'నమస్కారం. మీరు మా ఆసుపత్రిలో మందు తీసుకున్నారు. బాగుంటే మళ్ళీ ఎందుకు రావాలని మీకు అనిపిస్తుంది. మాకు తెలుసు. కానీ బాగున్నవాళ్ళు కనబడకపోతే, ఈ మందుతో ఎవరూ బాగుపడలేదని లెక్క వస్తోంది. ఇవాళ ఈ మందు మొదలుపెట్టేవాళ్ళు ఆ లెక్క చూసి బెదిరిపోతున్నారు. ఒక్కసారి వచ్చి చూపించుకోండి. ఎక్కువసేపు కూర్చోబెట్టం.'

అమ్మాయి ఒక వాక్యం చేర్చమంది. ఆ వాక్యం లేకపోతే మళ్ళీ బాగున్నవాళ్ళే వస్తారని పట్టుబట్టింది. 'బాగా లేకపోయినా చెప్పండి, మీ తరఫున ఇంట్లో వాళ్ళు చెప్పినా సరే.' చేర్చారు.

దిద్దడానికి ఎర్ర కలం తీసుకుని మూడుసార్లు చదివాను. మూత పెట్టేశాను.

ఆగస్టు 2, శనివారం

జవాబులు వస్తున్నాయి! ఫోన్లూ ఎత్తుతున్నారట. ఇంతకాలం బాగుండడం కూడా ఒక వార్తేనని తెలియలేదమ్మా అని ఒక ముసలాయన అన్నాడట. కొన్ని ఇళ్ళ నుంచి మరో రకం జవాబులు. భార్య పోయి నాలుగేళ్ళయిందని ఒకాయన రాశాడు, మీరైనా అడిగారు అని కింద రాశాడు. ఆ ఉత్తరం వచ్చిన రోజు అమ్మాయి చీకటి పడేదాకా ఆఫీసులోనే ఉండిపోయింది. ఆ మెట్టు కూడా గీతలో వేయాల్సింది తనే కదా.

లాటరీలో వచ్చిన ఒక దర్జీ మాత్రం ఉత్తరానికీ ఫోనుకీ పలకడం లేదని విని, ఆసుపత్రివారిని అడిగి చిరునామా పట్టుకుని నేనే వెళ్ళాను. దుకాణం ముందు మిషను తొక్కుతున్నాడు. ఎలా ఉన్నారయ్యా అంటే, నాకేం మాస్టారూ, గుండ్రాయిలా ఉన్నాను, ఆసుపత్రికి రమ్మనడం తప్ప ఏదైనా అడగండి, కుట్టిపెడతాను అన్నాడు. వచ్చి, అతను బాగున్నాడని రాసుకోవే అన్నాను. రాసుకోను మావయ్యా అంది. బతికున్నాడని రాస్తాను; జబ్బు లేదని రాయాలంటే పరీక్ష కావాలి. నా కళ్ళతో చూశానే! ఆ మాట నా నోట రాగానే ఇద్దరికీ పెద్ద డాక్టరు గుర్తొచ్చాడు.

దర్జీ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. చొక్కా కుట్టడానికి కొలతలు ఇచ్చి, కుట్టిన చొక్కా ఆసుపత్రి గేటు దగ్గర తీసుకుంటానన్నాను. వచ్చాడు.

ఆగస్టు 9, శనివారం

పోస్టులో ఆసుపత్రి కవరు వచ్చింది. మా ఆవిడ పేరు మీద. ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా.

ఆవిడే విప్పింది. తాను కూరలు తరుగుతూ చెప్పిన ఆ ముక్కలే. నిలబడి చదివింది. కూర్చుని మళ్ళీ చదివింది. ఈ రాసిందెవరో గానీ గట్టి మనిషే అంది. నవ్వలేదు. మడిచి, మేడ ఎక్కింది.

సాయంత్రం అమ్మాయిని నిలదీశాను. కంప్యూటర్ తీసిన లాటరీ మావయ్యా, నేను ముట్టుకోలేదు, ముట్టుకుంటే లెక్క చెడుతుంది అంది. ఎప్పటి నుంచి తెలుసు? లాటరీ తీసిన రోజు నుంచి. మరి చెప్పలేదేం? ఆసుపత్రి పేర్లు ఇంటికి తేకూడదు. ఉత్తరం రాయించేటప్పుడు కూడా తెలుసా? తల వంచుకుంది. మీరు రాసిన ఉత్తరం కూడా ఇంటికి వచ్చింది మావయ్యా, మొదటి విడతలో. అత్తయ్య కవరు విప్పకుండా పొయ్యి గట్టు మీద పెట్టి, దాని మీద గిన్నె దించుకుంది, నేను చూశాను, నోరు మెదపలేదు అంది.

నెల రోజులు మా పళ్ళేల పక్కన కూర్చుని తిన్నది. మా ఆవిడ నవ్వితే నవ్వింది. తనకు అందరికంటే కావలసిన మనిషి ఆ గీతలో ఎటు పడుతుందో తెలియక, రమ్మని బతిమాలే హక్కు కూడా లేక, అలా నోరు కట్టుకుంది. నేనైతే మొదటి పూటే చెప్పేసేవాణ్ణి. దానికి ఇరవై ఏడేళ్ళు. నేను మనసులో లేచి నిలబడ్డాను.

ఆగస్టు 10, ఆదివారం

మా ఆవిడ కుండీలకు రెండుసార్లు నీళ్ళు పోసింది. ఉత్తరం సంగతి కదిపే సాహసం నేను చేయలేదు.

ఆగస్టు 12, మంగళవారం

పడుకోబోతూ ఆవిడే అంది. వెళ్తే ఏముందో చెబుతారండీ. వెళ్ళకపోతే ఏమీ లేనట్టే కదా.

మళ్ళీ తనే, నేను రాసిన మాట నేనే కాదంటే ఇంకెవరు వింటారు, గురువారం ఎనిమిదింటి బస్సుకు తయారుగా ఉండండి మాస్టారూ అంది. నన్ను మాస్టారూ అని పిలిచిందంటే ఆవిడకు భయంగా ఉందని అర్థం.

ఆగస్టు 14, గురువారం

'ఎక్కువసేపు కూర్చోబెట్టం' అని రాసింది ఆవిడ. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. మొదట రక్తం, తరవాత స్కానింగు. ఈ సంగతి ఉత్తరంలో మార్చాలండీ అని మూడుసార్లు అంది.

బెంచీ మీద పక్కన ఒక చిన్న వయసు అమ్మాయి ఉంది. తలకు గుడ్డ కట్టుకుంది. మీరు కూడా కొత్తగా మొదలుపెట్టారా అండీ అని అడిగింది. మా ఆవిడ, కొత్తేమిటమ్మా, నాది ఏడేళ్ళ పాత కేసు, అదే మందు అంది. ఆ పిల్ల కళ్ళు మా ఆవిడ జడ మీదే ఉన్నాయి. నిజం జుట్టేనా అండీ? లాగి చూడు అని మా ఆవిడ జడ ముందుకు వేసింది. ఆ పిల్ల మొహమాటపడుతూ మెల్లగా లాగింది. అలా కాదు, గట్టిగా అంది మా ఆవిడ. గట్టిగా లాగింది. అబ్బా అంది మా ఆవిడ. ఆ పిల్ల ఏడుస్తూ నవ్వింది.

మొదలుపెట్టిన మందు ఆపేయాలా వద్దా అని పది రోజులుగా వాళ్ళ ఇంట్లో వాదన నడుస్తోందట. లోపలికి పిలిచేసరికి ఆ పిల్ల లేచి వెళ్ళింది.

ఎదుటి గోడ మీద 'నిశ్శబ్ధము పాటింపుడు' అన్న బోర్డు ఉంది. స్కానింగు గదిలోకి ఆవిడ వెళ్ళాక దాన్ని ఎన్నిసార్లు చదివానో తెలియదు. తప్పుందని కూడా తోచలేదు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే తోచింది.

ఆగస్టు 18, సోమవారం

రిపోర్టు రాలేదు. టమాటా మొక్కలకు కర్రలు కట్టాం. ఇద్దరమూ అవసరానికి మించి కట్టాం.

ఆగస్టు 20, బుధవారం, పదకొండు గంటలు

ఏమీ లేదు.

డాక్టరు అన్న వాక్యం అదే. నేను దానికి ఒక్క అక్షరమూ చేర్చలేను.

సెప్టెంబరు 19, శుక్రవారం

గీత బల్లపరుపైంది.

లాటరీలో వచ్చినవారిలో ఒక్కరు కూడా తప్పిపోలేదు. బాగున్నవారు చాలామంది. వేరే ఊళ్ళలో పోయినవారూ ఉన్నారు, తిరగబెట్టినా చెప్పుకోనివారూ ఉన్నారు. దొరికిన ఒక్కొక్కరు దొరకని ఎందరికి బదులు నిలబడతారో తూచి, అమ్మాయి లెక్కంతా మళ్ళీ కట్టింది. కొత్త గీత ఐదేళ్ళ దాకా దిగి, ఆరో ఏడు దాటాక కదలకుండా పడుకుంది. నూటికి యాభై నాలుగు. నలభై ఎనిమిదికీ అరవైకీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చట.

పెద్ద డాక్టరు సంబరపడిపోయి, అరవై అని అచ్చు వేయిద్దాం అన్నాడట. వేయించండి సార్, పక్కనే నలభై ఎనిమిది కూడా వేయించండి అందట. ఆయన కాసేపు గుర్రుగా చూసి, నువ్వు మా అమ్మాయివైతే ఇంట్లోంచి వెళ్ళగొట్టేవాణ్ణి, ఇక్కడ మాత్రం నిన్ను వదలను అన్నాడట. మందు కొనసాగుతుంది. మూడు అంకెలూ అచ్చవుతాయి. ఆ కరపత్రం దిద్దే పని నాకు ఇచ్చారు. మా ఆవిడకు చూపించాకే పంపమన్నారు. సరే.

అప్పుడు నా ప్రశ్న అడిగాను. అమ్మాయి మరిచిపోలేదు, కాగితం మీద ముందే కట్టి పెట్టుకుంది. ఏడేళ్ళు ఏమీ లేకుండా దాటినవారు వందమంది ఉంటే, వారిలో తొంభై ఏడుగురు ఎప్పటికీ మొలవని గింజలే. తొంభై ఆరు కావచ్చు, తొంభై ఎనిమిది కావచ్చు. నూరెందుకు కాదు అన్నాను. నా గీత అంత దూరం పోలేదు మావయ్యా, చూడని కాలం గురించి ఎలా చెప్పను అంది.

ఈ రోజు రాస్తున్నాను. నా భార్యకు బహుశా నయమైంది.

'బహుశా'ను కొట్టేయబోయి ఆగాను. ఉండనీ.

సెప్టెంబరు 28, ఆదివారం

మేనకోడలికి ఇల్లు దొరికింది. పై వీధిలోనే. దిండు పట్టుకుని వెళ్ళింది. వెళ్తూ, అత్తయ్య అడిగిందని ఆ గీతను పెద్ద కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చింది. వంటింటి గోడకు అంటించాం.

బల్లపరుపుగా సాగే ఆ గీత మీద వరసగా చిన్న చిన్న నిలువు గీతలు. బాగుండి, ఇప్పటికి ఇంతవరకే కబురు తెలిసినవారు. వీటిలో నేనేదే అని మా ఆవిడ అడిగింది. చెప్పకూడదు అత్తయ్యా అంది అమ్మాయి. అయితే నేనే చూసుకుంటానని కళ్ళద్దాలు పెట్టుకుని, వేలితో తడుముతూ పోయి, అన్నింటికంటే కుడి చివర ఒంటరిగా ఉన్నదాని మీద వేలు పెట్టింది. ఇది నేను అంది.

అది పన్నెండో ఏడు. ఆవిడది కాదు.

నేను దిద్దలేదు.

అక్టోబరు 5, ఆదివారం

వచ్చే ఏడాది చెకప్‌కి వెళ్ళొస్తే ఆ చిన్న గీత ఇంకాస్త కుడికి జరుగుతుందట. కాగితం పక్కన గోడ ఎంత ఖాళీగా ఉందో కొలవమంది మా ఆవిడ. టేపు తెచ్చి కొలిచాను. తలుపు దాకా ఉంది. తలుపు తీసి పెట్టమంది.